ఫాంటసీ ఫుట్‌బాల్ పాఠాలు – 4: ఎవరిని వదిలేయాలి, ఏ రౌండు దాకా వదిలేయాలి

ఫాంటసీ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లతో మన సొంత జట్టు కట్టి, నిజం మ్యాచ్‌లలో వాళ్లు చేసినదానికి పాయింట్లు లెక్కించుకునే ఆట. గత పాఠంలో డ్రాఫ్టు, అంటే ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడంలో, ఆ వంతులు ఎలా తిరుగుతాయో చూశాం. పన్నెండు జట్ల లీగులో మొదటి రౌండులో చివరి వంతు వచ్చినవారు రెండో రౌండును మొదలుపెడతారు. ఏ ఆటగాణ్ణి జనం సగటున ఏ రౌండులో తీసుకుంటున్నారో చెప్పే జాబితాను చదవడమూ నేర్చుకున్నాం. ఈ పాఠానికి ఆ జాబితా, ఒక పెన్సిలు, నిరుటి గణాంకాలు దగ్గర పెట్టుకోండి.

డ్రీమ్11 తరహా క్రికెట్‌కు అలవాటు పడినవారు ముందుగా ఒక తేడా గమనించాలి. అక్కడ ప్రతి మ్యాచికీ కొత్త జట్టు. ఇవాళ చేసిన తప్పు ఎంపిక రేపటి మ్యాచి దాకా రాదు. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్టులో ఒక ఆటగాడు లీగు మొత్తంలో ఒక్కరికే దక్కుతాడు, ఆగస్టులో తీసుకున్నవాడితో డిసెంబరు దాకా కాపురం చేయాలి. అతణ్ణి మధ్యలో వదిలించుకోవచ్చు, మార్పిడి చేసుకోవచ్చు. కానీ అతడి కోసం ఖర్చు చేసిన మొదటి రౌండు వంతును ఎవరూ తిరిగివ్వరు. అందుకే మొదటి ఐదు రౌండుల్లో ఎవరిని తీసుకోవాలన్న ఆలోచనతో పాటు, ఎవరిని వద్దనుకోవాలన్నదీ ముందే తేల్చుకోవాలి.

అయితే వద్దనుకోవడం అంటే పేరు కొట్టేయడం కాదు. ఎంత మంచి ఆటగాడైనా ఒక రౌండులో ఖరీదే, ఎంత అనుమానం ఉన్నవాడైనా మరో రౌండులో చవకే. కాబట్టి మీ జాబితాలో ప్రతి పేరు పక్కన ఒక రౌండు అంకె ఉండాలి: ‘మూడో రౌండు దాకా వద్దు, నాలుగులో మిగిలితే తీసుకుంటాను.’ అంకె లేని జాబితా వట్టి అయిష్టాల పట్టిక.

మొదటి పరీక్ష టచ్‌డౌన్లది, అంటే బంతిని అవతలి చివరి గీత దాటించడానిది. ఇది సులువు, పైగా ఎక్కువమంది చేయనిది. టచ్‌డౌనుకు 6 పాయింట్లు, పది యార్డులకు 1 పాయింటు. యార్డులు చాలావరకు ఆటగాడికి దక్కే అవకాశాలను బట్టి వస్తాయి, అవి ఏటేటా కొంత నిలకడగా ఉంటాయి. టచ్‌డౌన్లలో అదృష్టం పాలు ఎక్కువ. బంతి ఆ గీతకు రెండు యార్డుల దూరంలో ఉన్నప్పుడు కోచ్ ఎవరి చేతికిచ్చాడన్నదాని మీద ఆరు పాయింట్లు అటో ఇటో అవుతాయి.

అప్పట్లో చార్జర్స్ జట్టులో వైడ్ రిసీవర్ (విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) అయిన మైక్ విలియమ్స్ లెక్క వేసి చూడండి. 2018లో అతడు 43 క్యాచ్‌లతో 664 యార్డులు, 10 టచ్‌డౌన్లు సాధించాడు. కొన్ని లీగులు ప్రతి క్యాచ్‌కూ పాయింటు ఇస్తాయి, అలా ఇవ్వని లీగులో అవి 126 పాయింట్లు, అందులో 60 టచ్‌డౌన్లవే. 2019లో 49 క్యాచ్‌లు, 1,001 యార్డులు, కానీ టచ్‌డౌన్లు రెండే. మొత్తం 112. ఆట మెరుగైంది, పాయింట్లు తగ్గాయి! నిరుటి పాయింట్ల పట్టిక మాత్రమే చూసి కొన్నవారికి ఈ సంగతి అక్టోబరులో గాని తెలియదు.

అప్పట్లో డాల్ఫిన్స్ జట్టులో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) అయిన రహీమ్ మోస్టర్ట్ కథ ఇంకా ఘాటైనది. 2023లో పరుగు, క్యాచ్‌లు కలిపి 21 టచ్‌డౌన్లు. అవి 126 పాయింట్లు. యార్డుల వల్ల వచ్చినవి అంతకంటే తక్కువ. వయసు అప్పటికే 31, వెనక డెవాన్ ఎచేన్ అనే చిరుతలాంటి కుర్రవాడు. 2024లో మోస్టర్ట్‌కు 278 పరుగు యార్డులు, 2 టచ్‌డౌన్లు మిగిలాయి. పెరుగుట విరుగుట కొరకే అన్న మాట టచ్‌డౌన్లకు అచ్చంగా వర్తిస్తుంది.

నేను పాటించే గీత ఇది: క్యాచ్ పాయింట్లు పక్కన పెట్టి లెక్కించినప్పుడు టచ్‌డౌన్ల వాటా 45 శాతం దాటితే, ఆ ఆటగాణ్ణి అందరూ తీసుకునే రౌండు కంటే కనీసం ఒక రౌండు కిందికి దింపుతాను. ఈ అంకె శాస్త్రం కాదు, అలవాటు. మీది మీరు పెట్టుకోండి. కానీ డ్రాఫ్టు మొదలయ్యాక మాత్రం మార్చకండి.

రెండో పరీక్ష గాయాలది. ఇక్కడ పాత గాయానికీ ఇప్పటి గాయానికీ తేడా చూడాలి. రెండేళ్ల కిందట ఎముక విరిగి అతికిన ఆటగాడి గురించి నాకు పెద్దగా బెంగ లేదు. ఆగస్టులో శిక్షణకు దిగకుండా పక్కన నిలబడ్డవాడంటేనే భయం. 2024లో 49ఎర్స్ రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెకాఫ్రీని దాదాపు ప్రతి లీగులోనూ మొట్టమొదటి వంతులో తీసుకున్నారు. అంతకు ముందు ఏడాది 1,459 పరుగు యార్డులు, మొత్తం 21 టచ్‌డౌన్లు చేసినవాడు మరి. కానీ ఆ ఆగస్టంతా అతడు పిక్క నొప్పితో శిక్షణకు దూరంగా ఉన్నాడు, ఆ తర్వాత మడమ వెనక స్నాయువు వాపు బయటపడింది. మొదటి ఎనిమిది మ్యాచ్‌లు ఆడలేదు, తిరిగొచ్చి నాలుగు ఆడి మోకాలు దెబ్బతీసుకున్నాడు. ఆ ఏడాది టచ్‌డౌన్లు సున్నా. అతడు లేని మొదటి సోమవారం రాత్రి అతడి స్థానంలో దిగిన జోర్డన్ మేసన్ 147 యార్డులు పరుగెత్తాడు.

శిక్షణ శిబిరం రోజుల్లో కోచ్‌లు చెప్పే ‘కంగారేమీ లేదు’ అన్న మాటను సమాచారంగా లెక్కించకండి. అవతలి జట్టుకు నిజం చెప్పాల్సిన అవసరం వారికి లేదు. ఆటగాడు మైదానంలోకి దిగాడా లేదా, అదొక్కటే చూడండి.

ఇదే మెకాఫ్రీ 2025లో మళ్లీ అగ్రశ్రేణి రన్నింగ్ బ్యాక్‌గా నిలిచాడు. నిరుడు దెబ్బతిన్నామన్న కోపంతో పేరు కొట్టేసినవారు రెండుసార్లు నష్టపోయారు. వద్దనుకున్నవారి జాబితాకు ఏడాదే ఆయుష్షు.

మూడోది వయసు, భారం. రన్నింగ్ బ్యాక్‌లను ఒళ్లు హూనమయ్యేలా వాడతారు. చీఫ్స్ జట్టులో లారీ జాన్సన్ 2006లో 416 సార్లు బంతి పట్టుకుని పరుగెత్తాడు, అది ఎన్‌ఎఫ్‌ఎల్ రికార్డు. మరుసటి ఏడాది పాదం గాయంతో ఎనిమిది మ్యాచ్‌లకే ఆగిపోయాడు. కౌబాయ్స్ తరఫున డెమార్కో మర్రే 2014లో 392 సార్లు పరుగెత్తి 1,845 యార్డులు చేశాడు, 2015లో ఈగిల్స్‌కు మారి 702 దగ్గర నిలిచాడు. ఇవి చూసి భారం మోసినవారందరినీ కొట్టేయాలనిపిస్తుంది. తొందరపడకండి. డెరిక్ హెన్రీ 2020లో 378 సార్లు పరుగెత్తి, 2021లో పాదం విరిగి సగం సీజను పోగొట్టుకున్నాడు, నిజమే. కానీ అదే హెన్రీ 2024లో, ముప్పై ఏళ్ల వయసులో, రేవెన్స్‌కు మారి 1,921 యార్డులు చేశాడు. వయసు, భారం ధర తగ్గించడానికి కారణాలు. వాటి మీదే పేరు కొట్టేయడం నాకు సమ్మతం కాదు.

ఒప్పందాల తగాదా నాలుగోది. 2018లో స్టీలర్స్ జట్టు రన్నింగ్ బ్యాక్ లెవియాన్ బెల్ జీతం గొడవతో సీజనంతా రానే లేదు. ఎప్పుడో ఒకప్పుడు వస్తాడులే అనుకున్నవారు మొదటి రౌండు వంతు పోగొట్టుకున్నారు, అతడి స్థానంలో ఆడిన జేమ్స్ కానర్ 12 పరుగు టచ్‌డౌన్లు చేశాడు. డబ్బు గొడవ తేలనంతవరకు మొదటి రెండు రౌండుల్లో నేను అలాంటివారి జోలికి పోను.

కోల్ట్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) ఆండ్రూ లక్ లాంటి సంగతికి మాత్రం ఏ పరీక్షా లేదు. 2019 ఆగస్టు 24న అతడు రిటైర్ అవుతున్నట్టు ప్రకటించేసరికి చాలా లీగుల డ్రాఫ్టులు అయిపోయాయి. డ్రాఫ్టును సీజను మొదలయ్యే ముందు వచ్చే సెప్టెంబరు మొదటి సోమవారానికి వీలైనంత దగ్గరగా పెట్టుకోవడమే మనం చేయగలిగింది.

కిక్కర్లు (బంతిని కాలితో తన్ని పాయింట్లు తెచ్చేవారు), డిఫెన్స్‌ల (ఒక జట్టు రక్షణ దళం మొత్తం) గురించి ఈ కసరత్తు అక్కర్లేదు. వాళ్లు చివరి రౌండుల సరుకు. అభిమాన జట్టు విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. డల్లాస్ చుట్టుపక్కల ఉండే తెలుగువారి ఆఫీసు లీగుల్లో కౌబాయ్స్ ఆటగాళ్లు ఒక రౌండు ముందే వెళ్లిపోతే ఆశ్చర్యపోకండి. ఆ తొందర మీది కాకపోతే మంచిదే, దానివల్ల మరొకరు మీ దాకా జారి వస్తారు.

ఇక అభ్యాసం. ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: పేరు, జనం తీసుకుంటున్న రౌండు, మీ రౌండు, కారణం. కారణం ఒక్క వాక్యంలో, అందులో ఒక అంకె లేదా ఒక తేదీ ఉండాలి. ‘ఎందుకో నమ్మకం లేదు’ అన్నది చెల్లదు. మొదటి ఐదు రౌండుల అరవైమందిలో మీ వంతు వచ్చే సమయానికి మిగిలి ఉండగలవారిని మాత్రమే పరీక్షించండి. పదకొండో వంతు వచ్చినవారు మొదటి ఇద్దరు ముగ్గురి గురించి తల బద్దలు కొట్టుకోవడం దండగ. పదికి మించి పేర్లు రాయకండి, మించితే మీ గీత మరీ కఠినంగా ఉందన్నమాట.

ఆ కాగితం దాచి ఉంచండి. ఐదో పాఠంలో అదే కాగితం తిరగేసి, మీరు వద్దనుకున్న ప్రతి రన్నింగ్ బ్యాక్ వెనక నిలబడ్డ మేసన్‌లు, కానర్‌లు ఎవరో చివరి రౌండుల కోసం వెతుకుదాం.