నవ్వలేదంటే కోపమని కాదు

అనంతపురం నుంచి మెడిసిన్ చదవడానికి రష్యా వెళ్లే పిల్లలకు ఒక మాట. అక్కడ షాపులోనో మెట్రోలోనో ముక్కూ మొహం తెలియనివాళ్లను చూసి నవ్వే అలవాటు తక్కువ. మనమంటే గిట్టదేమోనని టెన్షన్ పడొద్దు. కారణం లేని నవ్వు తెలివితక్కువతనానికి గుర్తు అని వాళ్లకొక సామెతే ఉంది. మన పెద్దలు 'నవ్వు నాలుగు విధాల చేటు' అనలేదా, అలాగే. స్నేహం కుదిరాక చూడండి, మనసారా నవ్వుతారు.

అమెరికాలో వేరు. కౌంటర్ దగ్గర కొత్తవాళ్లే నవ్వి 'ఎలా ఉన్నారు' అంటారు. 'బాగున్నాను, మీరు?' అంటే చాలు, కష్టసుఖాలు చెప్పక్కర్లేదు.

ఇది మన ఊరికీ పనికొస్తుంది. 1969లో స్పెయిన్ దేశస్థుడు ఫాదర్ ఫెర్రర్ మొదలుపెట్టిన సేవాసంస్థ ఆర్‌డీటీని (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) చూడడానికి స్పెయిన్ నుంచి వస్తుంటారు. వాళ్లు వీధిలో నవ్వుతూ పలకరిస్తే మనం గుచ్చి గుచ్చి చూస్తాం, నవ్వం. పాపం, వాళ్లకు అది కోపంలా కనిపించొచ్చు. మన దగ్గర నవ్వుకంటే ముందు మాట రావాలి. అందుకే మీ ఇంటికి అలాంటి అతిథి వస్తే 'యా ఊరన్నా మీది?', 'భోంచేస్తిరా?' అనే రెండు మాటలు నేర్పించండి. వాళ్లు ఆ మాట అంటే బస్సులో పక్క సీటాయన మొహం అప్పటికప్పుడు విచ్చుకుంటుంది.