మన రిపోర్టులు మనమే చదువుకుందాం – 3వ పాఠం: ఈసీజీ కాగితంలో గడులు లెక్కపెట్టడం

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూసేద్దాం. ఊపిరితిత్తుల స్పైరోమెట్రీ రిపోర్టులో మొదటి సెకనులో ఊదిన గాలి 1.8 లీటర్లు, మొత్తం ఊదింది 3 లీటర్లు అయితే నిష్పత్తి ఎంత అని అడిగాను. 1.8ని 3తో భాగిస్తే 0.6, అంటే 60 శాతం. ఇన్‌హేలర్ మందు పీల్చాక మళ్లీ ఊదించినా అది 70 కంటే తక్కువే వస్తే, గాలి బయటికొచ్చే దారులు ఇరుకయ్యాయని డాక్టర్లు అనుకుంటారు. ఈ లెక్క చేయగలిగితే ఈరోజు పాఠం మీకు కష్టం కాదు, ఇవాళ్టిది కూడా ఒక్క భాగహారమే.

ఈరోజు గుండె సంగతి, అంటే గుండెలో పాకే కరెంటుని కాగితం మీద గీతగా చూపించే ఈసీజీ. ఇంట్లో ఈసీజీ కాగితం ఏదైనా ఉంటే తెచ్చుకోండి, ఎంత పాతదైనా పర్లేదు. పక్కన ఒక స్కేలు, ఒక పెన్సిలు. ఒకవేళ గీతలు వెలిసిపోయి కనిపిస్తే ఆశ్చర్యపోకండి, చాలా ఈసీజీలు వేడికి నల్లబడే థర్మల్ కాగితం మీద వస్తాయి, అది ఏళ్లు గడిచేకొద్దీ, ఎండా వేడీ తగిలేకొద్దీ పాడవుతుంది. అందుకే ఈసీజీ తీయించుకున్న రోజే ఫోన్లో ఫొటో తీసి దాచమని నేను అందరికీ చెబుతాను. రేపెప్పుడైనా ఛాతీలో నొప్పి వచ్చి వెళ్తే, ఆ రోజు తీసిన గీతల్లో కనిపించిన తేడా కొత్తదా పాతదా అని తేల్చడానికి డాక్టరుకి మీ పాత ఈసీజీ చాలా పనికొస్తుంది.

కాగితం మీద చిన్న గడులు, వాటి చుట్టూ కాస్త మందపాటి గీతలతో పెద్ద గడులు ఉంటాయి. చిన్న గడి పక్క కొలత 1 మిల్లీమీటరు, పెద్దది 5. కాగితం మామూలుగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది కాబట్టి అడ్డంగా ఒక చిన్న గడి అంటే 0.04 సెకను, ఒక పెద్ద గడి అంటే 0.2 సెకను, ఐదు పెద్ద గడులు దాటితే ఒక సెకను అయిపోయినట్టు. అడ్డంగా చూస్తే కాలం, నిలువుగా చూస్తే కరెంటు బలం. నిలువున 10 చిన్న గడులు ఒక మిల్లీవోల్ట్. ఈ ఒక్క పేరా బాగా ఒంటబట్టించుకోండి.

అయితే గడులు లెక్కపెట్టే ముందే చూడాల్సినవి రెండున్నాయి, వీటిని చాలామంది వదిలేస్తారు. కాగితం మీద పేరూ, వయసూ, తేదీ, టైమూ మీవేనా? నవ్వులాటగా అనడం లేదు, ఒకరి కాగితం ఇంకొకరి ఫైల్లోకి వెళ్లడం జరుగుతుంది. రెండోది, కాగితం అంచున వేగం 25 అనీ, ఎత్తు 10 అనీ రాసి ఉందా, గీత మొదట్లోనో చివర్లోనో రెండు పెద్ద గడుల ఎత్తున గుమ్మంలాంటి గుర్తు ఉందా అని. ఆ గుర్తు సగం ఎత్తే ఉంటే గీతలన్నీ సగానికి కుదించి ప్రింట్ చేశారని అర్థం. వేగం 50 అని ఉంటే గీతలు సాగిపోయి కనిపిస్తాయి, ఇప్పుడు నేర్చుకోబోయే లెక్క ప్రకారం గుండె వేగం అసలుకి సగమే వస్తుంది.

ఇక గీత. ముందు ఒక చిన్న గుండ్రటి గుట్ట, అది పీ అల, పై గదులు, అంటే కర్ణికలు, ముడుచుకునే ముందు వాటిలో పాకే కరెంటు. తర్వాత సూదిలా పైకి లేచి కిందికి దిగేది క్యూఆర్ఎస్, కింది గదులైన జఠరికలది. ఆ తర్వాత వచ్చే వెడల్పాటి గుట్ట టీ అల, జఠరికలు మళ్లీ కొట్టుకోవడానికి సిద్ధమవుతున్నప్పటిది. ఈ అక్షరాలు పెట్టింది నెదర్లాండ్స్‌కి చెందిన విల్లెమ్ ఐంతోవెన్. ఆయనకి ఈ పనికే 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పట్లో ఒంటికి అంటించే పట్టీలు లేవు, మనిషి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ల పాత్రల్లో ముంచుకుని కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు పది చోట్ల ఎలక్ట్రోడ్లు పెట్టి పన్నెండు కోణాల నుంచి గుండెని చూస్తున్నారు, వాటినే పన్నెండు లీడ్లు అంటాం. చూసే కోణం మారితే అల ఆకారం మారుతుంది, అందుకని ఏవీఆర్ అని రాసి ఉన్న చోట అలలన్నీ తలకిందులుగా ఉంటే గాబరా పడకండి, అక్కడ అలా ఉండటమే మామూలు.

ఇప్పుడు అసలు లెక్క. కాగితం అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగ్గా ఒకే గీత ఉంటుంది చూడండి, ఎక్కువగా అది రెండో లీడ్. అందులో ఒక సూది మొన సరిగ్గా పెద్ద గడి గీత మీద పడ్డ చోటు వెతకండి. అక్కడి నుంచి తర్వాతి మొన దాకా ఎన్ని పెద్ద గడులు? ఆ సంఖ్యతో 300ని భాగించండి. మూడైతే 100, నాలుగైతే 75, ఐదైతే 60. నిమిషంలో 300 పెద్ద గడులు ఉంటాయి కాబట్టి 300. దూరం పెద్ద గడుల్లో సరిగ్గా తెగకపోతే చిన్న గడులు లెక్కపెట్టి 1500ని భాగించండి, ఉదాహరణకి 20 చిన్న గడులైతే 75. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లలో 60 నుంచి 100 దాకా మామూలు అంటారు. రోజూ బాగా పరుగెత్తేవాళ్లలో 50 ఉన్నా కంగారు పడక్కర్లేదు, అదే 50 కళ్లు తిరిగి పడిపోయిన మనిషిలో కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

ఒక కాగితం ముక్క అంచున పక్కపక్కనున్న రెండు మొనలకి గుర్తులు పెట్టి, ఆ ముక్కని గీత వెంట జరుపుతూ పోండి. ప్రతి జంటకీ గుర్తులు సరిపోతే లయ సమంగా ఉన్నట్టు. కాస్త కాస్త తేడా వస్తే, అది ఊపిరి పీల్చినప్పుడు వేగం పెరిగి వదిలినప్పుడు తగ్గడం వల్ల కావచ్చు, కుర్రవాళ్లలో ఇది సహజం. కానీ ఏ రెండు మొనల దూరమూ ఇంకో దూరంతో కలవకుండా, సూదికి ముందు పీ అల కూడా కనపడకుండా ఉంటే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు, దాన్ని డాక్టరు తప్పకుండా చూడాలి. ఆ స్థితిలో పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతుంటాయి, రక్తం అక్కడ నిలిచి గడ్డ కట్టొచ్చు, ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం. మెదడులో స్ట్రోక్ వచ్చినవాళ్లకి గుండె పరీక్షలు కూడా ఎందుకు చేస్తారని చాలామంది అడుగుతుంటారు, దీనికే. లయ ఇలా అస్తవ్యస్తంగా ఉన్నప్పుడు 300 లెక్క పనిచేయదు. మొత్తం పొడుగు గీత మామూలుగా 10 సెకన్లు, అంటే 50 పెద్ద గడులు, అందులోని సూదులన్నీ లెక్కపెట్టి 6తో గుణించండి.

మీ లెక్క అయ్యాకే పైన మెషిన్ రాసిన అక్షరాలు చదవండి, ముందు కాదు. "సైనస్ రిథమ్" అని ఉంటే ముక్కు పక్కన వచ్చే సైనస్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు, గుండెని కొట్టుకునేలా చేసే కరెంటు పుట్టాల్సిన సహజమైన చోటునే సైనస్ నోడ్ అంటారు, అక్కడి నుంచే పుడుతోందని ఆ మాటకి అర్థం, అంటే మంచి మాటే. "అబ్నార్మల్ ఈసీజీ" అన్న మాట చూసి రాత్రంతా టెన్షన్ పడ్డవాళ్లని చాలామందిని చూశాను. అది మెషిన్ అంచనా మాత్రమే, చేతులు వణికినా, ఎలక్ట్రోడ్ సరిగా అంటకపోయినా అది పొరబడుతుంది. మా నాన్నగారికి ఒకసారి తీసిన ఈసీజీలో మొదటి లీడ్ మొత్తం తలకిందులుగా వచ్చింది, మెషిన్ ఏదో పాత గుండెపోటు అని రాసింది, మా అమ్మ ఏడ్చేసింది. చూస్తే కుడి చేతి తీగ ఎడమ చేతికీ ఎడమది కుడికీ పెట్టారు. మార్చి మళ్లీ తీస్తే అంతా మామూలుగా ఉంది. మొదటి లీడ్‌లో పీ అలతో సహా అన్నీ తలకిందులైతే ముందు తీగలు మారాయేమో అడగండి, అడగడంలో తప్పేమీ లేదు.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది, నా మటుకు అదే ఎక్కువ ప్రమాదం. "ఈసీజీ నార్మల్, కాబట్టి గుండెకేం లేదు" అనుకోవడం. ఈ కాగితం చూపించేది పది సెకన్లే. రక్తనాళం సగం పూడుకుపోయి ఉన్నా విశ్రాంతిలో తీసిన ఈసీజీ చక్కగా ఉండొచ్చు, గుండెపోటు మొదలైన తొలి గంటల్లో కూడా ఒక్కోసారి తేడా కనపడదు, అందుకే ఆసుపత్రిలో కాసేపాగి మళ్లీ ఈసీజీ తీస్తారు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌ని కొన్ని గంటల తేడాతో రెండుసార్లు కొలుస్తారు. గుండె ఎంత బలంగా రక్తాన్ని తోస్తోంది, కవాటాలు సరిగా మూసుకుంటున్నాయా అన్నది తెలియాలంటే ఎకో, అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్, చేయాలి. అప్పుడప్పుడూ మాత్రమే గుండె దడ వచ్చేవాళ్లకి ఆ పది సెకన్లలో దడ రాకపోతే ఏమీ దొరకదు, వాళ్లకి ఒకటి రెండు రోజులు ఒంటికే కట్టి ఉంచే హోల్టర్ అనే చిన్న ఈసీజీ మెషిన్ పెడతారు. దేని పని దానిదే.

ఇంకో మాట, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. ఛాతీలో బరువుగా నొక్కినట్టుండి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకుతుంటే గడులు లెక్కపెడుతూ కూర్చోకండి. వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. అలాంటి మనిషి ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది డాక్టర్లు పాటించే నియమం, తీయకపోతే మీరే అడగండి. ఈ పాఠం తీరిగ్గా ఉన్నప్పుడు పాత కాగితాలు చదువుకోవడానికి మాత్రమే.

ఇంటిపని మూడు లెక్కలు. రెండు మొనల మధ్య సరిగ్గా 6 పెద్ద గడులుంటే వేగం ఎంత? 15 చిన్న గడులుంటే ఎంత? లయ ఎక్కడా సమంగా లేని పది సెకన్ల గీతలో 19 సూదులుంటే ఎంత? జవాబులు వచ్చే పాఠం మొదట్లో చెబుతాను. ఆ పాఠంలో మెదడుకి వెళ్దాం, తలకి దెబ్బ తగిలినప్పుడు ముందు సీటీ ఎందుకు తీస్తారు, ఎమ్మారై ఎప్పుడు, మూర్ఛ వచ్చినవాళ్లకి ఈఈజీ, అంటే మెదడులోని కరెంటుని గీతలుగా చూపే పరీక్ష, ఎందుకు అని. ఇవాళ్టి గీతలు చదవడం అలవాటైతే ఈఈజీ గీతల్ని చూసినా మీకు బెదురుండదు, అందులోనూ అడ్డంగా కాలమే, నిలువుగా కరెంటే.