పక్కింట్లో కొడుతున్నారని తెలిస్తే – మూడో పాఠం: బెల్ కొట్టడం

దూబగుంట సంగతి గత పాఠంలో చెప్పుకున్నాం కదా. 1990ల మొదట్లో ఆ నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారాకి ఎదురు నిలబడగలిగింది అందరూ కలిసి కదలబట్టే. మొగుడు తాగొచ్చి కొట్టడం ఇంటింటి బాధ అయినా, దాన్ని ఊరి విషయం చేశారు. ఇవాళ అదే పని ఒక అపార్ట్‌మెంట్‌లోనో వీధిలోనో చేయడం నేర్చుకుందాం.

2008లో బ్రేక్‌త్రూ అనే సంస్థ మన దేశంలో ‘బెల్ బజావో’ ప్రచారం మొదలుపెట్టింది. పక్కింట్లోంచి దెబ్బల చప్పుడు వినిపిస్తే వెళ్లి బెల్ కొట్టండి, ఏదో ఒకటి అడగండి, అంతే. కాసిని పాలున్నాయా, మీకు కరెంటుందా, మోటార్ ఎవరు వేశారు, ఏదైనా పర్లేదు. తలుపు తీసినవాడికి బయటికి వినపడుతోందని అర్థమవుతుంది, ఆ కాసేపు చెయ్యి ఆగుతుంది.

ఇక్కడ చాలామంది ఆవేశపడి “ఆవిణ్ణి ఎందుకు కొడుతున్నావ్?” అని నిలదీస్తారు. దయచేసి ఆ పని చేయకండి, మీరు వెళ్లిపోయాక “వాళ్లకి నువ్వే చెప్పావు కదూ” అని ఆ కోపమంతా ఆమె మీదే పడుతుంది. గడప దాటి లోపలికి వెళ్లొద్దు. వీడియో తీసి గ్రూపులో పెట్టడం అసలే వద్దు. ఒక్కరే వెళ్లకుండా ఇంకొకరిని మెట్ల దగ్గర నిలబెట్టుకోండి. కత్తి లాంటిది ఉందనిపించినా, చంపేస్తున్నాడని అరుపులు వినిపించినా బెల్ జోలికి పోకుండా వెంటనే 112కి ఫోన్ చేయండి.

మర్నాడు అతను ఇంట్లో లేనప్పుడు ఆమెని కలవండి. సర్దుకుపొమ్మనీ, వదిలేసి వచ్చేయమనీ చెప్పకండి, తనకేం కావాలో అడగండి. మహిళల హెల్ప్‌లైన్ 181 అని చెప్పండి, ఆ నంబరు ఫోన్‌లో దాచుకోవడం ప్రమాదమైతే గుర్తుపెట్టుకోమనండి.

“కేసు మన మెడకి చుట్టుకుంటుందేమో” అని టెన్షన్ పడేవాళ్ల కోసం: 2005 గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రక్షణాధికారికి (ఈ చట్టం కింద బాధితులకి సాయం చేయడానికి ప్రభుత్వం నియమించే అధికారి) సమాచారం ఇవ్వొచ్చు, మంచి ఉద్దేశంతో ఇచ్చినవాళ్ల మీద సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ ఉండదు.

ఈ వారం అభ్యాసం: మీ అంతస్తులో నమ్మకమైన రెండు మూడు ఇళ్లవాళ్లతో కూర్చుని, చప్పుడు వినపడితే బెల్ ఎవరు కొట్టాలి, తోడు ఎవరు రావాలి, ఫోన్ ఎవరు చేయాలి అని ముందే అనుకోండి. అర్ధరాత్రి అరుపులు వినిపించాక ఇవన్నీ మాట్లాడుకునే టైమ్ ఉండదు. కొట్టే మనిషితో తర్వాత ఎవరు, ఎలా మాట్లాడాలో నాలుగో పాఠంలో చూద్దాం.