సిక్కోలు తీరాన తాబేళ్లను చూడాలంటే ముందు ఇసుక చదవాలి

ఒడిశాలోని రుషికుల్య నది మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర లక్షల తాబేళ్లు ఒక్కసారిగా ఒడ్డెక్కే వీడియోలు చూసి, బారువలోనో కళింగపట్నంలోనో అలాంటిదే కనిపిస్తుందనుకుని వచ్చేవాళ్లు ఉత్త చేతులతో వెనుదిరుగుతారు. మన సిక్కోలు (శ్రీకాకుళం) తీరానికి వచ్చేవీ అవే ఆలివ్ రిడ్లే తాబేళ్లు. కాకపోతే ఇక్కడికి ఒక్కొక్కటిగా, చెదురుమదురుగా వస్తాయి. మంచి కాలంలో కూడా రాత్రంతా నడిచినా ఒక్కటీ ఎదురుపడని రోజులే ఎక్కువ. కాబట్టి మొదటి రెండు మూడు రోజులు రాత్రి తిరగడం మానేసి తెల్లారకముందే ఒడ్డుకు వెళ్లండి. రాత్రి ఏం జరిగిందో ఇసుక చెబుతుంది. ఎక్కడ జాడలు ఎక్కువో తెలిసాక రాత్రి వెళ్లి ఆ చోటే కూర్చుంటే ఫలితం ఉంటుంది.

కాలం, చోటు

గుడ్లు పెట్టడం ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అంటే మార్చి నుంచి మే దాకా పిల్లల కాలం. తల్లిని చూడాలా, పిల్లల్ని చూడాలా అన్నది ముందే తేల్చుకోండి. రెండూ ఒకే ప్రయాణంలో కావాలంటే మార్చి మధ్యలో ప్రయత్నించవచ్చు, కానీ అది కొంత జూదమే.

శ్రీకాకుళం జిల్లాలో గార మండలంలోని మొగదలపాడు, బందరువానిపేట, కళింగపట్నం ఒడ్డులు, ఉత్తరాన సోంపేట వైపు బారువ. విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి, కోనాడ చూడదగ్గవి. ఊరి పేరు కన్నా ఒడ్డు స్వభావం ముఖ్యం. పోటు నీరు అందని ఎత్తులో వెడల్పుగా పొడి ఇసుక ఉండాలి. రాళ్ల కట్ట ఉండకూడదు. దీపాల వెలుగు పడకూడదు. కళింగపట్నంలో బీచ్ పార్కు ముందు వెతికితే దొరకవు. దీపాలు వెనకబడేదాకా నడవాలి. నాగావళి, వంశధార, మహేంద్రతనయ మొగల దగ్గరి ఇసుక మేటలను తాబేళ్లు ఇష్టపడతాయి. అయితే మొగ దగ్గర నీళ్లలో దిగొద్దు. పైకి ప్రశాంతంగా కనిపించినా అడుగున లాగుడు ఉంటుంది, గట్టు అంచు కూడా కాలి కింద విరిగిపోతుంది.

వెళ్లేముందు ఊళ్లో అలివి వల లాగేవాళ్లను అడగండి. రోజూ తెల్లవారుజామున ఒడ్డున ఉండేది వాళ్లే. "అన్నా, ఈ వారంలో తాబేలు అడుగులు ఎటుపక్క పడ్డాయి?" అంటే చేయి చూపించి మరీ చెబుతారు. అటవీ శాఖ సీజన్‌లో తీరం వెంబడి గుడ్ల సంరక్షణ కేంద్రాలు నడుపుతుంది. అక్కడి కాపలాదారులతో కలిసి నడవడం అన్నింటికన్నా మేలైన పద్ధతి. అనుమతి అడగడం మర్యాదే కాక, అర్ధరాత్రి ఒడ్డున ఎవరో తిరుగుతున్నారని గుడ్ల దొంగలుగా అనుమానించకుండా కాపాడుతుంది కూడా.

జాడ చదవడం

ఆలివ్ రిడ్లే జాడ వెడల్పు రెండు అడుగుల పైచిలుకు. ట్రాక్టరు టైరు వేసిన గుర్తులా ఉంటుంది కానీ రెండు పక్కలా అచ్చులు ఒకదాని ఎదురుగా ఒకటి పడవు, కుడి ఎడమలు మార్చి మార్చి పడతాయి. కారణం, మనం నడిచినట్టే అది కూడా ఒక రెక్క తర్వాత ఒకటి వేస్తుంది. రెండు పక్కలా అచ్చులు సరిగ్గా ఎదురెదురుగా, మూడడుగులకు పైగా వెడల్పుతో ఉంటే అది పెద్దరకం పచ్చ తాబేలు కావచ్చు. ఆ జాడను ఫొటో తీసి అటవీ శాఖకు చూపించండి.

ఏ జాడ ఎక్కేది, ఏది దిగేది? రెక్క ఇసుకను వెనక్కి తోస్తుంది. ప్రతి అచ్చులో ఇసుక కుప్ప ఏ వైపు ఉందో, తాబేలు దానికి ఎదురు దిశలో వెళ్లినట్టు. ఈ ఒక్కటి పట్టుబడితే మిగతావి తేలిక.

ఎప్పుడు వచ్చిందో కూడా తెలుస్తుంది. పోటు నీరు ఎక్కడిదాకా వచ్చిందో తడి గీత, దానిపై నాచూ చెత్తా చెబుతాయి. జాడ ఆ గీతను దాటి కిందికి చెరగకుండా ఉంటే, పోటు దిగాకే వచ్చింది. గీత దగ్గర తెగిపోతే పోటుకు ముందు వచ్చినట్టు. ఇంకో మెలిక ఉంది: దిగే జాడ ఎక్కే జాడ కన్నా పొడుగ్గా ఉంటే అది ఒడ్డున ఉన్నంతసేపట్లో నీరు వెనక్కి తగ్గింది, అంటే పాటు సమయం. పొట్టిగా ఉంటే నీరు ఎక్కుతుండగా వచ్చి వెళ్లింది. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని గుర్తుంటే, ఈ లెక్కతో రేపు ఎప్పుడు కూర్చోవాలో ఉజ్జాయింపుగా తేల్చుకోవచ్చు.

జాడ చివర ఇసుక చెల్లాచెదురై, నాలుగడుగుల మేర తొక్కినట్టు చదునుగా ఉంటే గూడు ఉన్నట్టే. జాడ పైకి వచ్చి, అలాగే గుర్రపు లాడంలా తిరిగి సముద్రంలోకి వెళ్లిపోయిందంటే గుడ్లు పెట్టలేదు. కుక్కలు తరిమినా, దీపం తగిలినా, తవ్వుతుంటే సరుగుడు వేరు అడ్డొచ్చినా ఇలా తిరిగిపోతుంది. గూడు కనబడగానే పుల్లతో గుచ్చి చూడాలనిపిస్తుంది. అలా గుచ్చితే ఒక్క గుడ్డు పగిలినా చాలు, ఆ వాసనకి చీమలూ పీతలూ కుక్కలూ మొత్తం గూటిని ఖాళీ చేస్తాయి.

రాత్రి కూర్చునే పద్ధతి

తెల్ల టార్చి ఇంట్లోనే వదిలేయండి. తప్పదంటే టార్చి ముఖానికి ఎర్ర జిలటిన్ కాగితం రెండు మూడు మడతలు వేసి రబ్బరు బ్యాండు బిగించండి. తాబేలు కంటికి ఎర్ర వెలుగు తక్కువగా కనబడుతుంది. ఫోను తెర వెలుగు పూర్తిగా తగ్గించండి. ముదురు రంగు బట్టలు, చెప్పులు (సారా సీసాల ముక్కలు ఒడ్డంతా ఉంటాయి), నీళ్లు చాలు. పదిహేను ఇరవై నిమిషాలు దీపం లేకుండా కూర్చుంటే కళ్లు అలవాటు పడి, చుక్కల వెలుగులోనే ఇసుక తెల్లగా, తాబేలు నల్లటి బండలా కనబడతాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పాము కనబడితే చచ్చిందనుకున్నా ముట్టుకోవద్దు. సముద్రపు పాములు విషం ఉన్నవి.

కెరటం అంచున బండ కదిలినట్టనిపిస్తే, ఉన్నచోటే కూర్చుండిపోండి. లేచి పరుగెత్తితే అది అక్కడికక్కడే వెనుదిరుగుతుంది. ఒడ్డెక్కేటప్పుడు, గొయ్యి తవ్వేటప్పుడు దానికి బెరుకు ఎక్కువ. కనీసం ఇరవై అడుగుల దూరం ఉండాలి. ముందువైపు అసలు వెళ్లకూడదు. వెనక రెక్కలు చెంచాలా ముడుచుకుని ఒకటి మార్చి ఒకటి ఇసుక తోడటం ఆగిందంటే గుడ్లు మొదలైనట్టు. ఇక్కడి నుంచి అది కాస్త మైకంలో ఉన్నట్టుంటుంది. అప్పుడు వెనకవైపు నుంచి ఒంగి, ఒక్కరొక్కరే చూడండి.

గొయ్యి దాదాపు మూరెడు లోతు, మెడ సన్నం, కిందిభాగం వెడల్పు, కుండ ఆకారం. జిగటగా తడిసిన తెల్ల గుడ్లు, టేబుల్ టెన్నిస్ బంతుల సైజువి, రెండు మూడేసి చొప్పున జారుతుంటాయి. పెంకు కోడిగుడ్డులా గట్టిగా ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది కాబట్టి పడినా పగలదు. మొత్తం దాదాపు వంద. కంటి నుంచి జిగట నీరు కారుతుంటే నొప్పితో ఏడుస్తోందని చెప్పుకుంటారు. అది ఒంట్లోని అదనపు ఉప్పును బయటికి పంపే గ్రంథి పని. గుడ్లయ్యాక ఇసుక కప్పి, డొప్పను కుడికీ ఎడమకీ ఊపుతూ దబదబా కొట్టి నేలను గట్టిపరుస్తుంది. ఆ చప్పుడు నిశ్శబ్దంలో స్పష్టంగా వినబడుతుంది. అన్నీ కలిపి గంట లోపే. తిరిగి వెళ్లేటప్పుడు సముద్రానికీ దానికీ మధ్య నిలబడకండి. ఫ్లాష్ ఫొటో ఎప్పుడూ వద్దు. వీపు మీద చేయి వేయడం, పక్కన పిల్లల్ని నిలబెట్టి సెల్ఫీ తీయడం వేధింపు కిందే లెక్క. ఈ జాతి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, కేసు పడితే కనీస శిక్ష మూడేళ్ల జైలు.

పిల్లల్ని చూడటం

సంరక్షణ కేంద్రంలో ప్రతి గూటి దగ్గరా తేదీ, గుడ్ల సంఖ్య రాసిన పలక ఉంటుంది. 45 రోజులు దాటినదాని మీద కన్నేయండి. పైన ఇసుక కొంచెం కుంగి గుంటలా కనబడితే పిల్లలు కింద కదులుతున్నట్టు. ఇసుక చల్లబడ్డాకే పైకి వస్తాయి, అందుకే రాత్రో తెల్లవారుజామునో. కేంద్రం మీద కొబ్బరి మట్టలతో నీడ వేసి ఉంటే దానికీ కారణముంది: గుడ్డున్న ఇసుక వేడి సుమారు 30 డిగ్రీలు దాటితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి, ఇంకా పెరిగితే పిండాలే చస్తాయి.

వదిలేటప్పుడు జనం చేసే పెద్ద తప్పు, పిల్లను అరచేతిలో పెట్టుకుని నీళ్లలో వేయడం. కెరటానికి కొన్ని మీటర్ల ఎగువన, తడి ఇసుక మీద పెట్టి, తనంతట తానే నడవనివ్వాలి. వెనకపక్క ఎవరూ ఫోను వెలిగించకూడదు. సముద్రం మీది ఆకాశపు వెలుగును చూసుకుని దారి పట్టే పిల్లలు అటు తిరిగిపోతాయి. వరసగా నిలబడి చూస్తున్నప్పుడు వెనక్కి అడుగు వేయబోతే ముందు కింద చూసుకోండి. నాలుగు సెంటీమీటర్ల పిల్ల, నల్లటి రంగు, చీకటి. అర్థమైంది కదా.

ఒక చిన్న పక్కమాట. శ్రీకూర్మం గుడిలో చూసేవి నక్షత్ర తాబేళ్లు, నేల మీద బతికేవి. భక్తితో ఎవరైనా వాటిని సముద్రంలో వదిలితే మునిగి చస్తాయి. ఒడ్డున దొరికిన సముద్రపు తాబేలును కోనేట్లో వదిలినా అంతే పాపం.

వలలో చిక్కినది, చచ్చినది

జనవరి నుంచి చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తుంటాయి. ట్రాలర్ వలలో చిక్కి, పైకొచ్చి గాలి పీల్చే వీల్లేక ఊపిరాడక పోయినవే చాలావరకు. అయితే కదలనిదల్లా చచ్చింది కాదు. కంటి రెప్ప దగ్గర మెల్లగా తాకి చూడండి, ముడుచుకుంటే బతికే ఉంది. దాన్ని వెంటనే నీళ్లలోకి తోయొద్దు, మునిగిపోతుంది. బోర్లానే ఉంచి, వెనకభాగం కింద ఇసుకో గోనెసంచో పెట్టి జానెడు ఎత్తు లేపండి, ఊపిరితిత్తుల్లోని నీరు దిగుతుంది. నీడ చేసి, తడిగుడ్డ డొప్ప మీద కప్పండి, ముక్కు మూయకుండా. వెల్లకిలా తిప్పడం, రెక్కలు పట్టి లాగడం వద్దు. తేరుకోవడానికి గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి రోజంతా. ఈలోగా అటవీ శాఖకు ఫోను చేయండి.

చచ్చినదైనా ముందు రెక్కలు చూడండి. అంచున లోహపు ట్యాగ్ ఉంటే పీకకుండా నంబరు స్పష్టంగా కనబడేలా ఫొటో తీసి, చోటు, తేదీతో అటవీ శాఖకు పంపండి. 2021లో ఒడిశా తీరాన ట్యాగ్ వేసిన తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ దొరికింది. తూర్పు తీరపు తాబేలు పడమటి తీరానికి చేరుతుందని ఆ నంబరు చూశాకే తేలింది.