ఇమ్యూనిటీ టాబ్లెట్లు వేసుకునే ముందు డోసు లెక్క చూడండి

జలుబులు, ఫ్లూ జ్వరాలు ముసురుకునే సీజన్ దగ్గర పడింది. మొన్న తెలిసినవాళ్లింట్లో ఒక పెద్దాయనను హాస్పిటల్లో చేర్చారు. జ్వరం లేదు, దగ్గు లేదు. కొన్నాళ్లుగా విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, ఏం తిన్నా వాంతి. చివరికి ఇది పగలా రాత్రా అని ఇంట్లోవాళ్లను అడగడం మొదలుపెట్టాక భయపడి తీసుకెళ్లారు. పరీక్ష చేస్తే రక్తంలో కాల్షియం హద్దు దాటి ఉంది. వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు వేసుకోమని డాక్టర్ రాసిన విటమిన్ డి గుళికను ఆయన రోజూ వేసుకుంటున్నారు. సీజన్ వచ్చేలోపు ఇమ్యూనిటీ పెరుగుతుందని ఆయన ఆశ. దానికి తోడు ఆయన తాగే పౌడర్‌లోనూ, మల్టీవిటమిన్‌లోనూ అదే విటమిన్ డి ఉంది. మూడూ కలిపి ఎంతవుతుందో ఇంట్లో ఒక్కరూ చూడలేదు.

చేతులు కడుక్కోండి, తుమ్మేటప్పుడు మోచేయి అడ్డం పెట్టుకోండి లాంటివి ఇక్కడ మళ్లీ చెప్పను. అవి తెలియనివాళ్లు లేరు. సీజన్ భయంతో మనుషులు చేసే అసలు పొరపాటు డోసు లెక్క చూడకపోవడం. ‘విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది’ అనుకుని ఒకదాని మీద ఒకటి వేసుకోవడం. ఆ మాట కొన్ని విటమిన్లకు కొంతవరకు నిజం. డి, ఎ విటమిన్లకు అస్సలు కాదు, జింక్ లాంటి ఖనిజాలకూ కాదు.

లెక్క ఎలా చూడాలి

ఇంట్లో ఉన్న డబ్బాలు, స్ట్రిప్పులు, పౌడర్లు, నీళ్లలో వేస్తే బుసబుస పొంగే బిళ్లలు అన్నీ ఒకచోట పెట్టండి. ముందు వైపు పెద్దగా రాసిన పేరును పట్టించుకోకండి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్నదే ముఖ్యం. కాగితం మీద విటమిన్ డి, విటమిన్ ఎ, విటమిన్ సి, జింక్, సెలీనియం అని ఐదు గడులు గీసి, ఒక్కో డబ్బా నుంచి రోజుకు ఎంత లోపలికి వెళ్తోందో రాసి, కింద కూడండి.

పెద్దవాళ్లకు డాక్టర్ పర్యవేక్షణ లేకుండా రోజుకు దాటకూడని హద్దులు ఇవి: విటమిన్ డి 4,000 యూనిట్లు (లేబుల్ మీద IU అని ఉంటుంది), జింక్ 40 మిల్లీగ్రాములు, విటమిన్ సి 2,000 మిల్లీగ్రాములు, సెలీనియం 400 మైక్రోగ్రాములు, రెటినాల్ రూపంలో ఉండే విటమిన్ ఎ 3,000 మైక్రోగ్రాములు. ఇవి హద్దులే గానీ అందుకోవాల్సిన లక్ష్యాలు కావు. జింక్ అవసరం మగవాళ్లకు రోజుకు 11, ఆడవాళ్లకు 8 మిల్లీగ్రాములే, అందులో చాలావరకు మామూలు తిండి నుంచే వస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. మల్టీవిటమిన్‌లో జింక్ 10, పొంగే బిళ్లలో 10, ‘ఇమ్యూనిటీ’ అని రాసిన గుళికలో 15, ఎవరో చెప్పారని విడిగా కొన్న జింక్ టాబ్లెట్ 25. దేనికదే చూస్తే ఏదీ ఎక్కువగా కనిపించదు. కూడితే 60, తిండిలోది ఇంకా కలపనే లేదు. మనుషులు బోల్తా పడేది ఇక్కడే.

యూనిట్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. విటమిన్ డి కొన్ని లేబుళ్ల మీద మైక్రోగ్రాముల్లో ఉంటుంది. 1 మైక్రోగ్రాము అంటే 40 యూనిట్లు. 100 అన్న అంకె చూసి తక్కువే అనుకుంటారు గానీ అది 4,000 యూనిట్లు. వారానికోసారి వేసుకునే గుళికలో సాధారణంగా 60,000 యూనిట్లు ఉంటాయి. అది రోజూ వేసుకుంటే హద్దుకు 15 రెట్లు.

ఎక్కువైతే జరిగేది

విటమిన్ డి కొవ్వులో కరిగి ఒంట్లో నిలవ ఉండిపోతుంది. ఆపేసిన మర్నాడే తగ్గదు, వారాలు, కొందరిలో నెలలు పడుతుంది. ఈలోగా పేగులు కాల్షియాన్ని అతిగా పీల్చుకుంటాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండలో ఎంతసేపు ఉన్నా ఈ ప్రమాదం రాదు, ఎందుకంటే మితిమీరి తయారైనదాన్ని చర్మమే విరిచేస్తుంది. టాబ్లెట్‌కు ఆ అడ్డుకట్ట లేదు.

జింక్ సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే అది రాగిని ఒంటికి పట్టనివ్వదు. రాగి తగ్గితే రక్తహీనత వస్తుంది, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి, తెల్ల రక్తకణాల్లో ముఖ్యమైన న్యూట్రోఫిల్స్ పడిపోతాయి. సూక్ష్మక్రిములతో ముందుగా తలపడేవి ఆ కణాలే. ఇమ్యూనిటీ కోసం మింగిన బిళ్లే ఇమ్యూనిటీని తినేస్తుంది.

ఇక విటమిన్ సి. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పాలింగ్ 1970లో జలుబుకు దీన్ని పెద్ద డోసుల్లో సిఫార్సు చేశాక ప్రపంచమంతా ఆ పిచ్చి పట్టింది. తర్వాత జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, రోజూ వేసుకున్నా మామూలు మనుషులకు జలుబులు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు ఉండే రోజులు పెద్దవాళ్లలో సుమారు 8 శాతం తగ్గాయి, అంతే. డోసు మితిమీరితే విరేచనాలు. కిడ్నీలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు పెద్ద డోసుల జోలికి అస్సలు వెళ్లకూడదు.

అసలు ఇమ్యూనిటీ అంటే టీవీ సౌండ్ లాగా పెంచుకుంటూ పోయేది కాదు. అది అతిగా రేగితేనే అలర్జీలు. సొంత కీళ్ల మీద, థైరాయిడ్ మీద తిరగబడితే ఆటో ఇమ్యూన్ జబ్బులు. మనకు కావాల్సింది అది సరిగ్గా పనిచేయడం. దానికి తగినంత తిండి, నిద్ర, కదలిక ఉంటే చాలావరకు సరిపోతుంది.

తిండిలో మొదట చూసుకోవాల్సింది ప్రోటీన్. సూక్ష్మక్రిములను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు ప్రోటీన్లే. ఆకలి మందగించి పూటలు దాటేసే పెద్దవాళ్లు, బరువు తగ్గాలని కడుపు మాడ్చుకునేవాళ్లు తరచూ జబ్బుపడటానికి ఇదో కారణం. పప్పులు, గుడ్లు, చేపలు, పాలు, పెరుగు, గింజలు, ఎవరికి ఏది పడితే అది, రోజూ. కూరగాయలు, పండ్లు కలిపి 400 గ్రాములకు తగ్గకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. షుగర్ ఉన్నవాళ్లకు అన్నిటికన్నా ముందు షుగర్ అదుపే. రక్తంలో గ్లూకోజ్ పెరిగితే తెల్ల రక్తకణాలు మందకొడిగా తయారవుతాయి. దాన్ని ఏ గుళికా సరిచేయదు.

నిద్రను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఆరు గంటలకన్నా తక్కువ నిద్రపోయేవాళ్లకు జలుబు పట్టే అవకాశం, ఏడు గంటలు దాటి నిద్రపోయేవాళ్లకన్నా నాలుగు రెట్లు పైగా ఉంది. అర్ధరాత్రి దాకా ఫోన్‌లో ఇమ్యూనిటీ చిట్కాలు వెతికే బదులు ఆ ఫోన్ పక్కన పెట్టి పడుకుంటే మేలు.

ఇక మిగతావి వరసగా చెబుతాను.

- ఫ్లూ టీకా సీజన్‌కు ముందే వేయించుకోండి. వేయించుకున్నాక రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. చుట్టూ అందరూ దగ్గడం మొదలయ్యాక పరిగెత్తితే ఆలస్యమే.

- వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి. జ్వరం ఉన్న రోజు మానేయండి.

- సిగరెట్ మానండి. సగానికి తగ్గించానని చెప్పకండి.

- మూలికల పౌడర్లు, సారాల గుళికలు ‘సహజం’ అని నమ్మి నెలల తరబడి వాడొద్దు. పసుపు గుళికలతో, గ్రీన్ టీ సారంతో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వంటలో వేసే చిటికెడు పసుపు వేరు, గుళికలో గట్టిగా కూర్చిన సారం వేరు.

- గర్భిణులు విటమిన్ ఎ ఉన్న ఏ సప్లిమెంటూ డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు. డోసు ఎక్కువైతే బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు.

- అవయవ మార్పిడి జరిగినవాళ్లు, ఆటో ఇమ్యూన్ జబ్బుకు మందులు వాడేవాళ్లు ‘ఇమ్యూనిటీ బూస్టర్’ అని రాసినది ఏదీ ముట్టొద్దు.

- స్టెరాయిడ్ ఇమ్యూనిటీ తగ్గిస్తుందట అని ఎవరో అన్నారని మీ అంతట మీరు ఠక్కున ఆపేయొద్దు. ప్రాణం మీదకు వస్తుంది.

- బీపీ ఉన్నవాళ్లు పొంగే బిళ్లల్లో సోడియం ఎంతుందో చూడండి. ఉప్పు తగ్గించి అన్నం తిని, ఉప్పులో ఉండే ఆ సోడియాన్నే గ్లాసులో తాగుతున్నారు.

- ముక్కులో జింక్ స్ప్రేలు, జెల్లు వద్దు. వాసన పోయినవాళ్లున్నారు.

- జలుబుకు యాంటీబయాటిక్ వేసుకోవద్దు. అది వైరస్‌ను ఏమీ చేయదు.

- పిల్లలకు చాక్లెట్‌లా ఉండే విటమిన్ గమ్మీలు అందే చోట పెట్టొద్దు. ఐరన్ టాబ్లెట్లు అసలే పెట్టొద్దు, గుప్పెడు మింగితే ప్రాణం పోతుంది.

- జుట్టు కోసం వాడే బయోటిన్ అనే విటమిన్ వేసుకుంటుంటే రక్తపరీక్షకు ముందే చెప్పండి. థైరాయిడ్, గుండె పరీక్షల ఫలితాలు తారుమారవుతాయి.

- కొత్త డబ్బా కొన్నారా? ఐదు గడుల కాగితం తీయండి. మళ్లీ కూడండి.

- పక్కింటివాళ్లకు పడిందని మీరు వేసుకోవద్దు. మీకు పడిందని వాళ్లకు ఇవ్వొద్దు.

- స్ట్రిప్పు మీద ‘వారానికి ఒకటి’ అని పెన్నుతో పెద్దగా రాయండి. వారంలో ఏ రోజు వేసుకోవాలో కూడా రాయండి. పెద్దవాళ్ల గుళికలు ఇంట్లో వేరొకరి దగ్గర ఉంచండి.

- ఊపిరి అందకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, మాట తడబడినా, తగ్గిన జ్వరం మళ్లీ ఎక్కువగా తిరిగొచ్చినా డబ్బాల వైపు చూడొద్దు. హాస్పిటల్‌కు వెళ్లండి. వెళ్లేటప్పుడు వాడుతున్న డబ్బాలన్నీ సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి. డాక్టర్ ‘ఏం మందులు వాడుతున్నారు’ అని అడిగితే విటమిన్లు కూడా చెప్పండి.