ఒకే ఏడుపు: పాపకు భయం, బాబుకు కోపం ఎందుకయింది?

మా పెద్దది పాప. ఆరో నెలలో కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడి ఏడిస్తే, "అయ్యో, జడుసుకుందమ్మా" అని గుండెలకు హత్తుకున్నాను. మూడేళ్ల తర్వాత అదే పెదవాల్తేరు ఇంట్లో, అదే విజిల్‌కి బాబు ఏడ్చాడు. "అబ్బో, బుల్లోడికి కోపం చూడు!" అన్నాను. పక్కనే ఉన్న మా అప్ప, "అదే ఏడుపు కదే, వీడికి కోపమెలా అయింది?" అంది. ఆ మాట నాకింకా గుచ్చుకుంటుంది.

అమెరికాలో 1976లో కాండ్రీ దంపతులనే పరిశోధకులు ఒకే బిడ్డ ఫిల్మ్‌ని వేర్వేరు వాళ్లకు చూపించారు. పెట్టెలోంచి బొమ్మ ఎగిరితే బిడ్డ ఏడుస్తుంది. బాబు అని చెబితే కోపంలా, పాప అంటే భయంలా కనిపించిందట.

అందుకే ఏడుపుకి భయమనో కోపమనో పేరు పెట్టే ముందు ముఖం చూడండి. కళ్లు పెద్దవై మీకోసం వెతుకుతుంటే, బాబైనా సరే, "జడుసుకున్నావా నాన్నా" అనండి.

ఇలా ముఖం చూడటానికి లాల పోసే వేళే మంచిది. కాళ్లు చాపి వెల్లకిలా పడుకోబెట్టుకుంటే ముఖం మనకెదురుగా ఉంటుంది. పుట్టిన మొదటి నెలల్లో బిడ్డకు జానెడు, జానెడున్నర దూరమే బాగా ఆనుతుంది. "ఊ" అంటే మీరూ "ఊ" అని ఆగండి. నేను ఆగకుండా మాట్లాడేసేదాన్ని. ఆగడం నేర్చుకున్నాక చూశాను: ముందు కింది పెదవి కదిలేది, కాళ్లు తన్నుకునేవి, అప్పుడు వచ్చేది "ఉంగా". ముఖం పక్కకి తిప్పుకుంటే మాత్రం వదిలేయండి, వాళ్లకీ కాస్త విరామం కావాలి.

"మగపిల్లాడు, ఏడవనీ, గట్టిపడతాడు" అంటే వినకండి. ఆరు నెలల పిల్లల మీద వీన్‌బర్గ్, ట్రానిక్ బృందం 1999లో ప్రచురించిన పరిశోధనలో, తమంతట తాము సర్దుకోవడం మగపిల్లలకే ఎక్కువ కష్టమైంది. ఇద్దరి భావాల మధ్య శ్రుతి తప్పితే మళ్లీ కలవడానికి తల్లీకొడుకులకే ఎక్కువ సేపు పట్టింది. ప్రతి బిడ్డా అలాగే ఉండాలని కాదు.

ఓసారి విశాఖ ఆర్‌కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా కూర్చుని ఫోన్ చూస్తున్నాను. బాబు నా గడ్డం తడిమాడు, నవ్వాడు, మళ్లీ తడిమాడు. నేను తలెత్తేసరికి వాడి పెదవి వంకర్లు పోయింది. ఫోన్ సంచిలో పడేసి, "ఇదిగో అమ్మ" అంటూ పాదాలు నిమిరాను. వెంటనే ఊరుకోలేదు. మీవాడూ వెంటనే ఊరుకోకపోవచ్చు. టెన్షన్ పడి గిలక ఆడించకండి, గట్టిగా ఊపకండి. అదే మాట మెల్లగా అంటూ, వాడు మళ్లీ మీ కళ్లలోకి చూసేదాకా అలాగే ఉండండి.