బీఎస్6 లారీ సైలెన్సర్ డబ్బాని చూసుకోవడం ఎలా? యూరియా, రీజెన్, ఆయిల్ సంగతులు

పాత బీఎస్3 బండి అయితే పొద్దున్నే గేజి లాగి ఆయిల్ చూసి, రేడియేటర్లో నీళ్ళు చూసి, టైర్లు రాడ్డుతో కొట్టి చూసి స్టార్ట్ చేసేవాళ్ళు, అంతే. సైలెన్సర్ అనేది ఊడి కింద పడితే తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బండి పొగ మీద గవర్నమెంట్ పెట్టిన కొత్త రూల్ బీఎస్6 వచ్చింది, లెక్క మొత్తం తిరగబడింది. ఇప్పుడు హైవే పక్కన ఆగిపోయిన కొత్త లారీ దగ్గరికెళ్ళి అడగండి, ఇంజన్ పోయిందండి అనేవాళ్ళు తక్కువ, "ఏదో సెన్సార్ అంటండి, యూరియా లైటు వెలిగిందండి, పికప్ లేదండి" అనేవాళ్ళే ఎక్కువ.

మా బాబాయికి రెండు బళ్ళు, ఒకటి బీఎస్4, ఇంకోటి బీఎస్6. కొత్తది కొన్న మొదటి ఏడాది వర్క్‌షాప్‌కి తిరిగినన్ని సార్లు మా అత్తగారింటికి కూడా తిరగలేదు. ఆయన కంపెనీని తిట్టాడు, గవర్నమెంట్‌ని తిట్టాడు, చివరికి తేలిందేంటంటే తప్పు సగానికి పైగా మాదే, పాత బండిని నడిపినట్టే కొత్త బండిని నడిపాం. ఆ తర్వాత నేర్చుకున్నవే కింద రాస్తున్నా.

ముందు ఆ డబ్బాలో ఏముందో తెలుసుకోండి

ఇంజన్లోంచి పొగ బయటికెళ్ళే దారి పట్టుకుని వెళ్దాం. మొదట ఈజీఆర్. ఇది కొంత పొగని కూలర్లో చల్లబరిచి మళ్ళీ ఇంజన్లోకే పంపిస్తుంది. ఎందుకంటే సిలిండర్లో మంట మరీ వేడెక్కితే గాల్లోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నాక్స్ అనే విషవాయువులు తయారవుతాయి, పొగ కలిపితే మంట కాస్త చల్లబడి నాక్స్ తగ్గుద్ది. కానీ మంట చల్లబడితే మసి పెరుగుద్ది. ఒకటి నొక్కితే ఇంకోటి లేస్తుంది, అదీ డీజిల్‌తో తంటా.

ఆ మసి కోసం తర్వాత రెండు డబ్బాలు. డీఓసీ అనేది సగం కాలిన డీజిల్ ఆవిరిని కాల్చేస్తుంది, ఆ వేడితో వెనకున్న డీపీఎఫ్‌ని కూడా వేడెక్కిస్తుంది. డీపీఎఫ్ అంటే పింగాణీ తేనెపట్టు లాంటిది, గదుల మూతులు ఒకటి విడిచి ఒకటి మూసేసి ఉంటాయి, పొగ గోడల్లోంచి దూరి వెళ్ళాలి, మసి అక్కడే ఆగిపోతుంది. ఆఖర్న ఎస్‌సీఆర్. ఇక్కడ యూరియా నీళ్ళు స్ప్రే అవుతాయి, వేడికి అది అమ్మోనియాగా మారి నాక్స్‌ని మామూలు నైట్రోజన్, నీటి ఆవిరి చేసేస్తుంది. బీఎస్4 పెద్ద ఇంజన్‌కి కిలోవాట్ అవర్‌కి 3.5 గ్రాముల నాక్స్ దాకా ఒప్పుకునేవాళ్ళు, బీఎస్6లో అది 0.4 దగ్గరికి దిగింది, అందుకే ఇంత సరంజామా. అన్ని బళ్ళలో అన్నీ ఉండవు, కొన్నిటికి ఈజీఆర్ ఉండదు, మీ బండితో ఇచ్చిన బుక్కు చూసుకోండి.

ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు, ఈ డబ్బాలన్నీ వేడి మీద బతుకుతాయి. ఉత్తినే ఐడిల్‌లో ఉన్న ఇంజన్ పొగ 100, 150 డిగ్రీలు ఉంటుందేమో, ఎస్‌సీఆర్ పని మొదలుపెట్టాలంటే 200 దగ్గరికి రావాలి, డీపీఎఫ్‌లో మసి బాగా కాలాలంటే 550, 600 కావాలి. పోర్టు గేటు దగ్గర క్యూలో ఏసీ కోసం మూడు గంటలు ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకునే డ్రైవర్ ఆ డబ్బాకి చేసే అన్యాయం అంతా ఇంతా కాదు.

స్టెప్ 1: యూరియా దగ్గర కక్కుర్తి పడొద్దు

మనవాళ్ళు యూరియా అని పిలిచేది అసలు డెఫ్, యాడ్‌బ్లూ అని కూడా అంటారు. 32.5 శాతం యూరియా, మిగతా 67.5 శాతం ఖనిజాలు తీసేసిన నీళ్ళు. డబ్బా మీద ఐఎస్‌ఓ 22241 అని ఉండాలి, తయారీ తేదీ ఉండాలి, సీలు ఉండాలి.

ఇక్కడే చాలామందికి ఒక తెలివైన ఆలోచన వస్తుంది. 45 కిలోల యూరియా బస్తా రైతులకి 266 రూపాయల చిల్లరకి దొరుకుతుంది కదా, డ్రమ్ములో కలిపేసుకుంటే పోలా అని. పోదు. 2015 నుంచి పొలం యూరియా మొత్తానికి వేపనూనె పూత వేస్తున్నారు, పైగా అందులో బైయూరెట్ లాంటి మలినాలు ఎక్కువ. అవి స్ప్రే చేసే నాజిల్‌లో, ఎస్‌సీఆర్‌లో గడ్డకట్టుకుపోతాయి. దానికి తోడు నల్గొండ బోరు నీళ్ళు కలిపారనుకోండి, కాల్షియం, మెగ్నీషియం వెళ్ళి ఎస్‌సీఆర్ లోపల పని జరిపించే పూత, అదే కెటలిస్ట్, దాని మీద కూర్చుంటాయి, ఇక దాన్ని కడిగి బాగు చేసేది ఉండదు. సబ్సిడీ యూరియాని ఇలా మళ్ళించడం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం కూడా, అసలే సీజన్లో రైతులు బస్తా కోసం చెప్పులు క్యూలో పెట్టి నిలబడుతుంటే మనం సైలెన్సర్లో పోయడం ఏం బాగుంటుంది.

2021 చివర్లో చైనా యూరియా ఎగుమతులు బిగించేసరికి దక్షిణ కొరియాలో లారీలు ఆగిపోయేంత పనైంది, మిలిటరీ విమానం పంపి ఆస్ట్రేలియా నుంచి ఈ నీళ్ళు తెప్పించుకున్నారు. అంటే బండికి ఇది డీజిల్ అంత ముఖ్యం.

నిల్వ సంగతి కూడా చూడండి. 30 డిగ్రీల వేడిలో ఏడాది ఉండే డెఫ్ 35 డిగ్రీల్లో ఆరు నెలలే ఉంటుంది, మరి రెంటచింతల ఎండల్లో రేకుల షెడ్డు కింద పెడితే ఎన్నాళ్ళుంటుందో మీరే ఆలోచించండి. నీడలో పెట్టండి, కావాల్సినంతే కొనండి. రాగి, ఇత్తడి, మామూలు ఇనుము పాత్రల్లో పోయొద్దు, తినేస్తుంది, ప్లాస్టిక్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలే. డీజిల్ పోసిన గరాటాతో డెఫ్ అస్సలు పోయొద్దు. నీలం మూత డెఫ్‌ది. పొరపాటున డీజిల్ ట్యాంకులో డెఫ్ గానీ, డెఫ్ ట్యాంకులో డీజిల్ గానీ పడితే కీ కూడా తిప్పొద్దు, స్టార్ట్ చెయ్యకుండా మెకానిక్‌ని పిలిచి ట్యాంకు ఖాళీ చేయించండి. స్టార్ట్ చేశారా, ఖర్చు వేలల్లోంచి లక్షల్లోకి వెళ్ళిపోద్ది.

అనుమానం ఉంటే రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం ఉంటుంది, రెండు చుక్కలు వేసి వెలుతురుకి పెట్టి చూస్తే 32.5 ఉందో లేదో చెప్పేస్తుంది. నాలుగైదు బళ్ళు ఉన్న ఓనర్ ఒకటి కొనుక్కోవచ్చు.

ఇంకో చిట్కా, లెక్క రాయండి. మామూలుగా 100 లీటర్ల డీజిల్‌కి 3 నుంచి 6 లీటర్ల డెఫ్ పడుతుంది. మీ బండికి ఎంత పడుతుందో నాలుగు ట్రిప్పులు రాసుకుంటే తెలుస్తుంది. ఉన్నట్టుండి బాగా తగ్గిపోయిందా, సంతోషపడకండి, నాజిల్ మూసుకుపోయి స్ప్రే అవ్వట్లేదేమో చూపించండి. డెఫ్ లైట్లని పట్టించుకోకపోతే బండి ముందు పవర్‌లో నాలుగో వంతు కోసేస్తుంది, అప్పటికీ మొండికేస్తే 20 కిలోమీటర్ల స్పీడుకి కట్టేస్తుంది. లోడుతో ఘాట్ మీద ఆ పరిస్థితి పగవాడికి కూడా వద్దు.

స్టెప్ 2: కీ ఆఫ్ చేసి కాసేపు ఆగండి

ఇది రూపాయి ఖర్చు లేని పని, కానీ పది మందిలో తొమ్మిది మంది చెయ్యరు. బండి ఆపాక కీ తీసినా డెఫ్ పంపు ఇంకా కాసేపు గుర్‌మని తిరుగుతుంది, పైపుల్లో మిగిలిన యూరియాని వెనక్కి లాక్కుని ట్యాంకులో పోసేస్తుంది. మన డ్రైవర్ కీ తీసీ తియ్యగానే బ్యాటరీ కటాఫ్ స్విచ్ తిప్పేసి టీకి పోతాడు. పంపు ఆగిపోతుంది, పైపులో ఉన్న యూరియా వేడికి నీరంతా ఎగిరిపోయి తెల్లగా ఉప్పులా పేరుకుంటుంది. వారం, పది రోజులు ఇదే చేస్తే నాజిల్ గోవిందా. రెండు నిమిషాలు, ఆ శబ్దం ఆగేదాకా ఆగి కటాఫ్ తిప్పండి. బయట కనిపించే తెల్లటి మరకల్ని మామూలు నీళ్ళతో తుడిచేస్తే పోతాయి.

ఆపే ముందు కూడా రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి, అది ఇంజన్లోకి గాలి నెట్టే టర్బో చల్లబడటం కోసం.

స్టెప్ 3: రీజెన్ అడిగినప్పుడు చెయ్యనివ్వండి

రీజెన్ అంటే డీపీఎఫ్‌లో పేరుకున్న మసిని కాల్చెయ్యడం. లాంగ్ రూట్లో లోడుతో వెళ్ళే బండికి మసి చాలావరకు దానంతటదే కాలిపోతుంది, డ్రైవర్‌కి తెలియను కూడా తెలియదు. ఇసుక టిప్పర్లు, సిటీలో తిరిగే డెలివరీ బళ్ళు, రెడీమిక్స్ బళ్ళు, వీటికే బాధ. పొగ వేడెక్కేలోపే ఆగిపోతాయి కాబట్టి మసి పేరుకుంటుంది, అప్పుడు బండి డీజిల్ ఎక్కువ కొట్టి డబ్బాని 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాలుస్తుంది. డాష్‌బోర్డులో డీపీఎఫ్ గుర్తు వెలిగితే అర్థం, నాకు హైవే మీద అరగంట పరుగు కావాలి అని. టాప్ గేర్ కంటే ఒక గేరు కింద పెట్టి ఆర్‌పీఎం కాస్త పైన ఉంచి నడిపితే చాలాసార్లు లైటు ఆరిపోతుంది.

అదే లైటు బ్లింక్ అవుతుంటే పార్కింగ్ రీజెన్ చెయ్యాలి. బండి గట్టి నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి రీజెన్ స్విచ్ నొక్కి పట్టుకోవాలి. ఇంజన్ సౌండ్ దానంతటదే పెరుగుతుంది, అరగంట అటూఇటూ పడుతుంది, ఒక్కోసారి గంట. మధ్యలో ఆపొద్దు. మూడు నాలుగు సార్లు మధ్యలో ఆపేస్తే మసి పరిమితి దాటిపోయి, ఇక స్విచ్ పని చెయ్యదు, షోరూం వాళ్ళు స్కానర్ పెట్టి చెయ్యాల్సిందే.

ఎక్కడ ఆపుతున్నారో మాత్రం చూసుకోండి. ఆ టైములో సైలెన్సర్ నోట్లోంచి వచ్చే గాలికి ఎండుగడ్డి అంటుకుంటుంది. కోతలయ్యాక వరిగడ్డి లోడు వేసుకున్న లారీ, మిర్చి యార్డు, పత్తి జిన్నింగ్ మిల్లు, పెట్రోల్ బంకు, ఇలాంటి చోట్ల రీజెన్ అవ్వకూడదు, దాన్ని ఆపే స్విచ్ బండిలో ఒకటి ఉంటుంది, అది నొక్కి ఉంచండి. పని అయ్యాక మర్చిపోకుండా తీసెయ్యండి. మా బండికి ఆ స్విచ్ నొక్కేసి ఉందని నెలన్నర తర్వాత తెలిసింది, ఎవరు నొక్కారో ఇప్పటికీ తేలలేదు, క్లీనర్ మీద అందరికీ అనుమానం.

స్టెప్ 4: ఆయిల్ మారిందని మర్చిపోకండి

పాత బండికి పోసిన ఆయిలే కొత్తదానికి పోస్తే ఏమవుద్ది? ఇంజన్ వెంటనే ఏమీ అనదు. కానీ ఆయిల్లో కలిపే రసాయనాలు కాలితే బూడిద మిగులుతుంది, మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు, పొయ్యిలో బూడిద లాగే అడుగున ఉండిపోతుంది. అందుకే బీఎస్6కి బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్, డబ్బా మీద సీకే-4 అని ఉన్నది పోయాలి, బుక్కులో ఏ గ్రేడు రాశారో అదే. లూజు ఆయిల్ జోలికి పోవద్దు. లూజు డీజిల్, కిరసనాయిలు కలిపిన డీజిల్ కూడా అంతే, బంకు డీజిల్లో సల్ఫర్ 10 పీపీఎం దాటదు, బీఎస్4 రోజుల్లో 50 ఉండేది, ఆ శుభ్రమైన డీజిల్‌ని నమ్ముకునే ఈ డబ్బాలు తయారు చేశారు.

ఇంకోటి, గేజిలో ఆయిల్ తగ్గితే భయపడటం మనకి అలవాటు, ఇప్పుడు పెరిగితే కూడా భయపడాలి. కొన్ని ఇంజన్లు రీజెన్ కోసం అదనపు డీజిల్‌ని సిలిండర్లోనే కొడతాయి, అందులో కొంత గోడల మీదుగా కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. రీజెన్లు మాటిమాటికీ అవుతుంటే ఆయిల్ పలచబడి బేరింగులు అరుగుతాయి. గేజి మీద పై గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే కిలోమీటర్లు అవ్వకపోయినా ఆయిల్ మార్చెయ్యండి, కారణం కూడా వెతికించండి.

స్టెప్ 5: డీపీఎఫ్ బ్లాక్ అయితే ముందు ఇంజన్ని అనుమానించండి

నా లెక్కలో డీపీఎఫ్ బ్లాక్ అవ్వడం జ్వరం లాంటిది, జబ్బు ఇంకెక్కడో ఉంటుంది. పాత బండిలో ఇంజెక్టర్ కారితే నల్లపొగ వచ్చి ఊరంతటికీ తెలిసేది, ఇప్పుడు ఆ పొగని డీపీఎఫ్ మింగేస్తుంది కాబట్టి బయటికి కనపడదు, లోపల నిండిపోతుంది. రీజెన్లు ఎక్కువైతే ఎయిర్ ఫిల్టర్, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే పైపులు చిట్లాయేమో, ఇంజెక్టర్లు, టర్బో సీలు దగ్గర ఆయిల్, ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి ఇరుక్కుందేమో చూపించండి. కూలెంట్ ఊరికే తగ్గిపోతుంటే ఈజీఆర్ కూలర్ లీకు ఉందేమో కూడా. ఇవేమీ చూడకుండా కొత్త డీపీఎఫ్ వేస్తే అది కూడా ఆర్నెల్లకి నిండిపోద్ది.

బూడిద నిండటం మాత్రం మామూలే, లక్షల కిలోమీటర్ల మీద జరిగేది. డబ్బా విప్పి, మెషిన్ మీద గాలితో ఊది, తూకం వేసి పెడతారు. కార్ వాష్ ప్రెషర్ గన్నుతో కొట్టడం, యాసిడ్ పోయడం చేస్తామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు, పింగాణీ పగిలిపోతుంది.

"తీయించేస్తే పోలా అన్నా?"

ఆటోనగర్‌లో అడిగితే సైలెన్సర్ డబ్బా లోపలంతా పీకేసి, కంప్యూటర్‌ని ఏమార్చే చిన్న డబ్బా పెడతామనేవాళ్ళు దొరుకుతారు. మోటారు వాహనాల చట్టం 190 సెక్షన్ కింద మొదటిసారి దొరికితేనే 10,000 రూపాయల దాకా ఫైన్, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, లైసెన్స్ మూడు నెలలు పోతుంది. వారంటీ సంగతి సరేసరి. దానికంటే నాకు భయం వేసేది ఇంకోటి, ఆ డబ్బా పెట్టాక బండి నిజంగా జబ్బుపడినా లైటు వెలగదు.

అందుకే సెకండ్ హ్యాండ్ బీఎస్6 లారీ కొనేటప్పుడు బేరానికి ముందు ఒక పని చెయ్యండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం లోపల తెల్లగుడ్డ పెట్టి తుడవండి. డీపీఎఫ్ బాగుంటే గుడ్డ మీద ఏదో దుమ్ము తప్ప పెద్దగా ఏమీ అంటదు, లోపల పీకేసినా పగిలినా నల్లగా కాటుకలా వస్తుంది. తర్వాత స్కానర్ పెట్టించి రీజెన్లు ఎన్ని కిలోమీటర్లకి ఒకసారి అవుతున్నాయో చూపించమనండి, ఓనర్ "అవన్నీ ఎందుకండీ, బండి బంగారం" అంటే మాత్రం ఇంకో బండి చూసుకోండి.